మేస్త్రి నెల

సత్యరాజు ఆ ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఓడిపోతానని తెలిసి వెళ్ళేవాడికి ఇస్త్రీ చొక్కా ఎందుకని ఎవరైనా అడగొచ్చు. ముప్ఫై ఏళ్ళు రాజనీతిశాస్త్రం చెప్పి, భార్య రత్నమాల పోయాక కూడా చొక్కా మడత పోనివ్వని మనిషి ఆయన. నలిగిన గుడ్డలతో ఓడిపోవడానికి మనసొప్పలేదు. ఎస్.ఆర్. నగర్‌లో తన రెండు గదుల వాటాకి తాళం వేసి, బైబిలు చంకన పెట్టుకుని అమీర్‌పేట వైపు నడిచాడు.

ఆదివారమని ఆ వీధికి తెలియదు. జావా, ఒరాకిల్, టెస్టింగ్ అంటూ బోర్డులు ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కి కూర్చున్నాయి. ఇడ్లీ బండి దగ్గర కుర్రాళ్ళు ప్లేటు ఒక చేత్తో, నోట్సు ఒక చేత్తో పట్టుకుని నిలబడి తింటున్నారు. ఎవడో ఒక కరపత్రం ఆయన చేతిలో పెట్టి, "అంకుల్, రేపటి నుంచి కొత్త బ్యాచ్, మీ అబ్బాయికి చెప్పండి" అన్నాడు. సత్యరాజుకి పిల్లల్లేరు. ఆ మాట వాడికి చెప్పడం దేనికని కరపత్రం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ రోజు ఆరాధన అయ్యాక సంఘం సర్వసభ్య సమావేశం ఉంది. అంశం ఒక్కటే. సందులో ఉన్న తమ మందిరాన్ని పక్క కోచింగ్ సంస్థకి అమ్మేసి, మియాపూర్‌లో స్థలం తీసుకుని కొత్తది కట్టుకోవాలా వద్దా? సంఘంలో ఉద్యోగాలు చేసే పిల్లలంతా కూకట్‌పల్లికి, మియాపూర్‌కి, ఇంకా అవతలికి ఫ్లాట్లు కొనుక్కుని వెళ్ళిపోయారు. నడిచి మందిరానికి వచ్చేవాళ్ళు తొమ్మిది ఇళ్ళవాళ్ళు మిగిలారు. ఆ తొమ్మిదింట్లో సత్యరాజు ఇల్లొకటి. ఆయనకి ఆ మందిరం తప్ప వెళ్ళడానికి ఇంకో చోటు లేదు. ఉన్న మాట ఇదే.

ఒకప్పుడు ఇంకో చోటుండేది. అదే వీధిలో రెండో అంతస్తులో, సివిల్స్‌కి తయారయ్యే పిల్లలకి ఆయన రాజకీయ సిద్ధాంతాలు చెప్పేవాడు. విప్లవాల పాఠం చెప్పేరోజు క్లాసంతా నిటారుగా కూర్చునేది. సంప్రదాయవాదం మొదలుపెట్టగానే సగం మంది టీకి లేచేవారు. ఆయనకి ఒళ్ళు మండేది. ఎందుకంటే మిగతా సిద్ధాంతాలన్నీ ఆయన చెప్పేవాడు, ఇదొక్కటీ నమ్మేవాడు.

"పాతదంతా బంగారం అనడం కాదర్రా ఇది," అనేవాడు. "మన బుర్ర చిన్నదని ఒప్పుకోవడం. అద్దెకి దిగిన వాడికి గోడ అడుగున తూము కనబడింది. ఎలకలు వస్తున్నాయని సిమెంటు పెట్టి మూసేశాడు. తెలివైన పనే. ఇల్లు కట్టినవాడు తూము ఎందుకు పెట్టాడో వానాకాలం వచ్చాక తెలిసింది, మంచం కాళ్ళు మునిగాక. అందుకని, ఎందుకుందో తెలియనిదాన్ని ముట్టుకోకు. తెలుసుకున్నాక కూడా ఒకేసారి పీకకు. కొంచెం కొంచెం మరమ్మతు చెయ్యి."

ఎవడో ఒకడు లేచేవాడు. "అయితే అన్యాయం జరుగుతున్నా ఆగాలా సార్?" అని. అది సరైన ప్రశ్నే. ఆయన దానికి ఎప్పుడూ సూటిగా జవాబు చెప్పలేకపోయాడు. "ఏ సమావేశంలోనైనా హాజరైనవాళ్ళు మూడో వంతేరా. పోయినవాళ్ళు ఒక వంతు, పుట్టబోయేవాళ్ళు ఒక వంతు. వాళ్ళని కూడా అడిగి చెయ్యెత్తాలి," అనేవాడు. పిల్లలు నవ్వేవారు. రెండేళ్ళ కింద ఆ కోర్సు ఎత్తేశారు. ఆయన నల్లబల్ల ఉన్న గదిలో ఇప్పుడు నలభై కంప్యూటర్లు ఉన్నాయట. ఆయన చూడ్డానికి వెళ్ళలేదు.

మందిరం గేటు దగ్గర పోచయ్య ఎదురొచ్చాడు. ఇరవై ఏళ్ళుగా మందిరం ఊడ్చి, గంట కొట్టి, వెనక రేకుల గదిలో ఉంటున్న మనిషి.

"ఇయ్యాల అయిపోతదా సార్?" అన్నాడు.

"అయిపోతుంది, పోచయ్యా."

"గా సెక్రటరీ రోషన్ సార్ అక్కడ సుత పని ఇస్తనన్నడు. గంత దూరం నేనేడ పోదును సార్? నా బిడ్డ ఇల్లు ఈడ ఎర్రగడ్డల ఉన్నది. జర మీరన్న చెప్పుండ్రి."

"చెబుతాను," అన్నాడు సత్యరాజు. చెప్పడం వల్ల ఏమీ కాదని ఇద్దరికీ తెలుసు.

ఎందుకు కాదో చెప్పాలంటే మేస్త్రి నెల సంగతి చెప్పాలి. ఈ మందిరం కట్టింది ఏలియా మేస్త్రి. గుంటూరు వైపు నుంచి తాపీ పనికి వచ్చిన నలభై మంది కూలీలతో పంతొమ్మిది వందల యాభైల్లో సంఘం మొదలుపెట్టాడు. చదువు అంతంత మాత్రం. కానీ తర్వాతెప్పుడో నియమావళిలో పట్టుబట్టి ఒక నిబంధన రాయించాడు. సంఘం ఏ తీర్మానమైనా ఒక సమావేశంలో చదవాలి. చదివిన రోజు చెయ్యెత్తకూడదు. నెల గడిచాక ఇంకో సమావేశం పెట్టి అప్పుడు చెయ్యెత్తాలి. మందిరం గోడలకి ఏ రంగు వెయ్యాలన్నా అంతే, ఒక మనిషిని సంఘంలో చేర్చుకోవాలన్నా, వెలివెయ్యాలన్నా అంతే. ఎందుకు పెట్టాడో ఎక్కడా రాయలేదు. జనం దానికి మేస్త్రి నెల అని పేరుపెట్టి, విసుక్కుంటూ పాటించారు.

రెండువేల సంవత్సరం ఆగస్టులో హైదరాబాదు మునిగిన వానకి మందిరం వెనక గోడ కూలింది. బాగుచెయ్యాలన్న తీర్మానం చదివి, నిబంధన ప్రకారం నెల ఆగారు. ఆ నెలలోనే ఇంకో వాన వచ్చి సగం కప్పు కూలింది. హార్మోనియం నానింది, పాటల పుస్తకాలు ముద్దయ్యాయి. అప్పటి కార్యదర్శి సత్యరాజే. ఆయన కోపం అంతా ఇంతా కాదు. 'నిలబెట్టుకోవడం కోసమే మార్చుకోవాలి' అని క్లాసులో తనే చెప్పేవాడు కదా. మందిరాన్ని నిలబెట్టడం కోసం నిబంధనని మార్చాలన్నాడు. ఆపద వచ్చినప్పుడు ఆగనక్కర్లేదని చిన్న మినహాయింపు రాసుంటే సరిపోయేది. మాస్టారికి మినహాయింపులంటే గిట్టదు. మొత్తం కొట్టేశాడు.

అదేమీ హడావిడిగా చెయ్యలేదు, అదీ తమాషా. మేస్త్రి నిబంధన తీసెయ్యడానికి కూడా మేస్త్రి నిబంధనే అడ్డొచ్చింది. అక్టోబరులో చదివి, నెల ఆగి, నవంబరులో చేతులెత్తించాడు. ఎత్తేముందు, "ఈ నిబంధన ఎందుకు పెట్టారో ఎవరికైనా తెలుసా?" అని కూడా అడిగాడు. ఎవరూ పలకలేదు. తన పాఠం తను పాటించానని ఆయన తృప్తిపడ్డాడు. ఎవరికీ తెలియనంత మాత్రాన కారణం లేనట్టు కాదని పదేళ్ళుగా పిల్లలకి చెబుతున్నవాడికి, ఆ పూట ఆ ముక్క గుర్తు రాలేదు.

ఇప్పుడు మందిరాన్నే ఒక్క పూటలో అమ్మెయ్యొచ్చు.

సమావేశానికి రెండు రోజుల ముందు, శుక్రవారం, ఆయన మధురానగర్‌లో కృపామణి ఇంటికి వెళ్ళాడు. ఆమె స్త్రీల సమాజానికి పెద్ద. అరవైకి దగ్గర పడింది. మేస్త్రి ఇంట్లో పెరిగిన మనిషి. ఆమె కొడుకు రోషనే ఇప్పటి కార్యదర్శి, మియాపూర్ మాట మొదట ఎత్తింది వాడే. కోడలు ఒలీవియాకి ఏడో నెల. తల్లి వద్దంటే కొడుకు ఆగుతాడని, ఆడవాళ్ళ వైపు చేతులన్నీ ఆమెని చూసి లేస్తాయని సత్యరాజు లెక్క.

"నెల ఆగమనండి చాలు," అన్నాడు టీ అందుకుంటూ. "అమ్మొద్దని కూడా అనొద్దు. నెల ఆగితే మనసులు మారతాయి. మీరు అక్కడే పెరిగారు. మీకు మాత్రం ఉండదా ఆ గోడల మీద మమకారం?"

కృపామణి వంటింటి గుమ్మంలో నిలబడి, "చూద్దాం మాస్టారూ," అంది. అంతకు మించి మాట్లాడలేదు. బిస్కట్లు పెట్టింది. ఆ మౌనాన్ని సత్యరాజు ఒప్పుకోలు కింద జమకట్టుకుని, చాలా రోజుల తర్వాత కాస్త తేలిగ్గా ఇంటికి నడిచాడు. ఆదివారం తెల్లారేసరికి ఓడిపోతాననే అనిపించింది, కానీ ఆమె మీద ఆశ మాత్రం పోలేదు.

ఆరాధన అయింది. నెలలో మొదటి ఆదివారం కాబట్టి ప్రభు భోజనం కూడా అయింది. కుర్చీలు సర్దుకున్నారు. ఆ సంఘంలో మొదటినుంచీ మగవాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళు ఎడమవైపు. పాస్టరు గారు ప్రార్థన చేసి, రోషన్‌ని మాట్లాడమన్నారు.

రోషన్ చెడ్డవాడైతే సత్యరాజుకి పని తేలికయ్యేది. కానీ వాడు మంచివాడు. గట్టిగా అరవలేదు, పెద్దల్ని కించపరచలేదు. "మన పిల్లలు ఆదివారం రెండు బస్సులు మారి వస్తున్నారండి. బండి పెట్టడానికి చోటు లేదు. పక్కన మైకులో పాఠం చెబుతుంటే మన పాట మనకే వినబడట్లేదు. ఇలా ఉంటే పదేళ్ళలో ఇక్కడ గోడలుంటాయి, సంఘం ఉండదు. నేను సంఘాన్ని కాపాడదామంటున్నా," అన్నాడు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. సత్యరాజుకి కూడా అలాగే తోచింది, అందుకే ఇంకా బాధేసింది.

ఆయన లేచాడు. సిద్ధం చేసుకున్న మాటలు చాలా ఉన్నాయి. తీరా నిలబడ్డాక వాటిలో చిన్నవే నోటికొచ్చాయి.

"నేను అమ్మొద్దని అనట్లేదు," అన్నాడు. "ఇవాళ చదివాం. వచ్చే నెల చేతులెత్తుదాం. మేస్త్రి గారు బతికున్నన్నాళ్ళూ అలాగే జరిగింది. ఒకసారి అమ్మేస్తే మళ్ళీ కొనలేం. ఈ గోడలు కట్టినవాళ్ళు ఇవాళ మాట్లాడలేరు. ఒక్క నెల."

"మాస్టారూ, నెల ఆగితే కోచింగ్ వాళ్ళు ఆగరు. ఇది కాకపోతే వెనక మెస్సు స్థలం చూసుకున్నారు. రేపు అగ్రిమెంటు," అన్నాడు రోషన్. తర్వాత కాస్త ఇబ్బందిపడుతూనే పాత మినిట్స్ పుస్తకం తెరిచాడు. "మీ మీద గౌరవంతోనే చదువుతున్నానండి. రెండువేల సంవత్సరం నవంబరు. మీ చేతిరాతే."

చదివాడు. "కారణం ఎవరూ చెప్పలేని నిబంధనను పట్టుకు వేలాడటం భక్తి కాదు, బద్ధకం. మన పెద్దలు మనకు బుర్రలు కూడా ఇచ్చారు."

హాలులో నవ్వులు. చెడ్డ నవ్వులు కావు, మురిపెం నవ్వులే. ఆ వాక్యం రాసిన రాత్రి సత్యరాజు దాన్ని రత్నమాలకి రెండుసార్లు చదివి వినిపించాడు. ఎంత బాగా రాశారండీ అని ఆమె మురిసిపోయింది. ఇప్పుడాయనకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఇంకెవరైనా మాట్లాడాలా?" అన్నారు పాస్టరు గారు. ఎవరూ లేవలేదు. "అయితే అనుకూలమైనవాళ్ళు చేతులెత్తండి."

కుడివైపు చేతులు లేచాయి. అది తెలిసిన సంగతే. సత్యరాజు ఎడమవైపుకి చూశాడు. ముందు వరసలో, తెల్లచీరలో, కృపామణి. ఆమె చెయ్యి లేచింది. నెమ్మదిగా, తడబాటు లేకుండా, పూర్తిగా లేచింది. ఆమె వెనక వరసలు వరసలుగా చేతులు లేచాయి. అనుకూలం డెబ్బై మూడు, వ్యతిరేకం ఆరు. నడిచి వచ్చే తొమ్మిది ఇళ్ళవాళ్ళలో కూడా కొందరు అటే ఎత్తారు.

బయటికి వస్తుంటే రోషన్ చెయ్యి పట్టుకున్నాడు. "మాస్టారూ, మీరు బస్సెక్కక్కర్లేదు. ప్రతి ఆదివారం నేనే కార్లో తీసుకెళ్తా," అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. సత్యరాజు తల ఊపాడు. పక్క వాటా వాళ్ళు ఊరెళ్తూ ఎవరి ఇంట్లోనో అప్పజెప్పే కుండీ మొక్క ఆయనకి జ్ఞాపకం వచ్చింది.

మందిరం వెనక కుళాయి దగ్గర కృపామణి ప్రభు భోజనం గిన్నె కడుగుతోంది. వెండిది, అడుగున చిన్న సొట్ట ఉంటుంది. నలభై ఏళ్ళుగా దాన్ని ఆమే కడుగుతోంది, ఇంకెవరినీ ముట్టుకోనివ్వదు. సత్యరాజు దగ్గరికి వెళ్ళాడు. పెద్దరికం, మర్యాద అన్నీ పక్కన పెట్టి అడిగేశాడు.

"ఎందుకమ్మా అలా చేశారు? మీరైనా ఆపుతారనుకున్నాను."

ఆమె కుళాయి కట్టేసింది. "కూర్చోండి మాస్టారూ," అని గట్టు చూపించింది. ఆయన కూర్చున్నాక గిన్నె తుడుస్తూ మొదలుపెట్టింది.

"ఈ గిన్నె ఒకసారి పోయింది. నాకు పదేళ్ళు. మందిరం ఊడ్చేది మా అమ్మ. బుచ్చమ్మ అని, మీరు చూడలేదు. గిన్నె తనే తీసిందన్నారు. ఆ సాయంత్రమే అందరూ కూర్చుని, ఒక్క పూటలో చేతులెత్తి వెలేశారు. మొదటి చెయ్యి మేస్త్రి తాతదే. అమ్మ నన్ను మేస్త్రి భార్య దగ్గర వదిలేసి, ఆ గేటులోంచి వెళ్ళిపోయింది. పన్నెండు రోజులకి గిన్నె దొరికింది. సున్నాలు వేసేటప్పుడు మేస్త్రి తాతే అటక మీద పెట్టి మర్చిపోయాడు."

ఆమె గిన్నె తిప్పి అడుగున సొట్ట తుడిచింది.

"వెతికితే ఎర్రగడ్డ పిచ్చాసుపత్రిలో ఉంది. తాత రోజూ వెళ్ళేవాడు. ఆమె ఎవర్నీ గుర్తుపట్టలేదు, నన్ను కూడా. అక్కడే పోయింది. ఆ తర్వాత తాత ఆ రూలు రాయించాడు. నెల ఆగి ఉంటే గిన్నె దొరికేది కదా. ఎందుకో రాయమంటే, 'నా తప్పు పుస్తకంలో రాస్తే నీ తల్లి పేరు కూడా రాయాలి తల్లీ, జనం దాన్నే చదువుతారు' అన్నాడు. రాయలేదు."

"మరి ఆ రోజు నేను అడిగాను కదమ్మా," అన్నాడు సత్యరాజు. "ఎవరికైనా తెలుసా అని సభలో అడిగాను. నెల టైముంది..."

"నెల రోజులూ ఎదురుచూశాను మాస్టారూ, ఎవరైనా వచ్చి అడుగుతారని. ఇంట్లో అడిగితే చెప్పేదాన్నేమో. మీరు సభలో అడిగారు. నేను సగం లేచాను కూడా. మీరు మగవాళ్ళ వైపు తిరిగి అడిగారు. వాళ్ళు పలకకపోయేసరికి పుస్తకం మూసేశారు." ఆమె మాటలో నిష్ఠూరం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతోంది. "మా అమ్మకి ఈ లోకంలో మిగిలింది ఆ ఒక్క నెలే. అది తీసేసినప్పుడు ఈ హాలు నాకు ఖాళీ అయిపోయింది. గోడలదేముంది? ఈ గోడల్లోంచేగా గెంటేశారు. మీ మీద కోపం లేదు. మొన్న మీరు గోడల మమకారం అంటుంటే ఏం చెప్పాలో తోచలేదంతే."

పక్క భవనంలోంచి మైకులో ఎవరో పాఠం చెబుతున్నారు. సత్యరాజు తన చేతులకేసి చూసుకున్నాడు. తెలియనిదాన్ని ముట్టుకోవద్దని ఎన్ని బ్యాచ్‌లకి చెప్పాడు! పదిమంది పిల్లలైనా ఆ మాట గుర్తుపెట్టుకుని ఉంటారు. చెప్పినవాడు మర్చిపోయాడు. మర్చిపోవడం కూడా కాదు, హాలులో సగం మందిని మనుషుల కింద లెక్కపెట్టలేదు. పోయినవాళ్ళనీ పుట్టబోయేవాళ్ళనీ అడగమన్నవాడు, ఎడమవైపు కూర్చున్నవాళ్ళని అడగలేదు.

"రోషన్‌కి చెప్పండి," అన్నాడు చివరికి. "ఇంకా అగ్రిమెంటు కాలేదు. వాడు మంచివాడు, ఈ మాట వింటే ఆగిపోతాడు. మీరు చెప్పకపోతే నేను చెబుతాను."

"వద్దు." మొదటిసారి ఆమె గొంతు గట్టిపడింది. "వాడికి అమ్మమ్మ జ్వరంతో పోయిందని చెప్పాను. ఒలీవియాకి ఇది ఏడో నెల. ఎర్రగడ్డ అన్న మాట పుట్టబోయే బిడ్డ మీద పడనివ్వను. వియ్యాలవారు ఏమంటారో మీకు తెలియదు. నాకు మాటివ్వండి మాస్టారూ. మీరు మాట తప్పరని ఇంత చెప్పాను."

మాట నిలబెట్టుకోకపోతే ఏ సంఘమూ నిలవదు. అది కూడా ఆయన పాఠంలోదే. "సరేనమ్మా," అన్నాడు సత్యరాజు. ఆమె గిన్నెని తెల్లగుడ్డలో చుట్టి లోపలికి పట్టుకెళ్ళింది.

కాసేపటికి రోషన్ మినిట్స్ పుస్తకం తీసుకుని వెనక్కి వచ్చాడు. "ఇక్కడున్నారా? పాత కార్యదర్శి కదా, మీ సంతకం కూడా ఉంటే బావుంటుందన్నారు పాస్టరు గారు."

సత్యరాజు కలం అందుకున్నాడు. తీర్మానం చదవలేదు. సంతకం మాత్రం ఎప్పటిలాగే గుండ్రంగా, శుభ్రంగా పెట్టాడు. పుస్తకం మూయబోతూ రోషన్ ఆగాడు.

"అవును మాస్టారూ, మియాపూర్‌లో కొత్త నియమావళి రాసుకోవాలి. పాతవాటిలో మంచివేవైనా ఉంటే ఉంచుదామనుకుంటున్నాం. నిజంగానే అడుగుతున్నా. ఆ మేస్త్రి నెల ఎందుకు పెట్టారో మీకేమైనా తెలుసా? ఏదైనా కారణం ఉంటే మళ్ళీ పెడదాం."

వాడి ముఖంలో ఎగతాళి లేదు. జవాబు కోసం నిజంగానే ఆగాడు. కుళాయి కింద తడి ఇంకా ఆరలేదు. మందిరం కిటికీలోంచి కృపామణి ఇటే చూస్తోంది.

"తెలియదు బాబూ," అన్నాడు సత్యరాజు.

"పోనీలెండి. ఆ రోజుల్లో ఊరికే పెట్టుంటారు," అని రోషన్ పుస్తకం చంకన పెట్టుకుని కారు తియ్యడానికి వెళ్ళాడు.